నిండుది గిరాకీకి, ఇరిగింది ఇంటికి

చాక్లెట్ కొనడానికి పోయి, బేరమాడీ ఆడీ దాన్ని అంగట్లోనే కరగబెట్టినవాడు అనంతపురంలో నేను తప్ప ఇంకొకడు ఉండడు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, పైగా కరెంటు పోయింది. కేకుల సామాన్లు అమ్మే అంగడాయన చల్లటి పెట్టెలోంచి నల్లటి చాక్లెట్ పలక ఒకటి తీసి బల్ల మీద పెట్టి ధర చెప్పాడు. నాకు వినపడనట్టు నిలబడ్డాను. పలకను అటూ ఇటూ తిప్పి, మూల కాస్త అరిగినట్టుందని పెదవి విరిచాను. పక్క వీధిలో ఇంకా తక్కువకే ఇస్తున్నారన్నాను. పక్క వీధిలో ఉన్నది చెప్పుల అంగడి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి "సరేలే, వద్దు" అని గడప దాకా పోయి, వెనక్కి పిలుస్తాడని నెమ్మదిగా చెప్పులు వేసుకున్నాను. పిలవలేదు. చెప్పులు విప్పి నేనే మళ్ళీ లోపలికి వచ్చాను.

"నేనూ అంగడోణ్ణే అప్పా. పాత్రలమ్ముతా. సరుకు మీద ఎంత మిగులుతాదో నాకు తెలీదా?"

"అంగడోడివి కాబట్టే చెప్తాండా అన్నా," అంటూ ఆయన పలకను వేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది. "ఇంకొంచేపు మాట్లాడితివంటే దీన్ని చెంబులో పోసియ్యాల్సొస్తాది."

ధర తగ్గించాడు. నా మాటకు లొంగి కాదు, మెత్తబడిన సరుకును వదిలించుకోవడానికి. అయినా గెలుపు గెలుపే అనుకుని, దాన్ని తడి తువ్వాల్లో చుట్టి స్కూటర్ మీద ఇంటికి తెచ్చాను. మా ఇంటావిడ తువ్వాలు విప్పి చూసింది.

"దుడ్లు మిగిల్చుకొచ్చినారు సరే, చాక్లెట్ యాడ?"

ఇంత ఆరాటమూ మా అమ్మ కోసం.

అమ్మకు జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ ఆకలిని కూడా మూటగట్టుకుని పోయింది. సంగటి ముద్ద పెడితే గిల్లి వదిలేసేది. పాలు వాసనంటుంది, గంజి చప్పగుందంటుంది. చెయ్యి పట్టుకుంటే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. డాక్టరు చూసి, ఏదో ఒకటి బలమైన తిండి లోపలికి పోవాలి, వారంలోగా తినడం మొదలుపెట్టకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనన్నాడు. ఆ మాట విని అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మా నాయనను అట్లాగే తీసుకుపోయాం. మొదట తిండి మానేశాడు. నడిచి ఆటో ఎక్కినవాడు మళ్ళీ నడిచి ఇంట్లోకి రాలేదు. ఆ సంగతి అమ్మా నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కానీ ఇప్పుడు ఇద్దరికీ అదే గుర్తొస్తోందని ఇద్దరికీ తెలుసు.

అమ్మకు చెనిక్కాయలంటే ప్రాణం. వేరుశనగ అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా వైపు ఆ మాటతో అడిగితే అంగట్లో ఎవరూ పొట్లం కట్టరు. చెనిక్కాయలే. వేయించినవి, ఉడకబెట్టినవి, ఎండుమిరపకాయలు వేసి నూరిన ఊరుబిండి, బెల్లంతో చెక్కీ, ఏదైనా సరే. ఇప్పుడు పళ్ళు లేవు, చెక్కీ నమలలేదు. మా పాప బెంగళూరు నుంచి ఫోన్లో ఉపాయం చెప్పింది.

"పీనట్ బటర్‌తో ఉండలు చేసి చాక్లెట్‌లో ముంచు నాన్నా. అవ్వ నమలాల్సిన పనే లేదు, నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాయి. పీనట్ బటర్ డబ్బాల్లో దొరుకుతుంది."

డబ్బా ధర ఇంకోసారి చెప్పించుకుని విన్నాను. వాన పడినా పడకపోయినా చెనిక్కాయలే విత్తే జిల్లాలో పుట్టి, చెనిక్కాయల ముద్దను డబ్బాలో కొనుక్కుని తినాలా? పైనున్న మా నాయన వింటే అక్కడ కూడా అంగడి మూసేస్తాడు.

నా చిన్నప్పుడు కదిరిలో మా నాయన అంగడి ముందు భాగం, మా ఇల్లు వెనక భాగం. మధ్యలో ఒక వాకిలి, దానికి గోనెపట్ట తెర. బస్సులు దిగి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు వచ్చేవారు. చింతపండు, బెల్లం, కిరసనాయిలు, బొరుగులు కొనేవారు. బల్ల మీద వరసగా గాజు సీసాలు ఉండేవి. ఒకదాంట్లో బిస్కత్తులు, ఒకదాంట్లో కమ్మర్‌కట్లు, ఒకదాంట్లో పిప్పరమెంట్లు, వాకిలికి దగ్గరగా ఉండే చివరి సీసాలో చెనిక్కాయల చెక్కీలు. బడిలో పిల్లలంతా నన్ను చూసి కుళ్ళుకునేవారు. "అంగడోని కొడుకువి, నీకేమప్పా!" అనేవారు. వాళ్ళకేం తెలుసు! బిస్కత్తు గుండ్రంగా ఉంటుందన్న సంగతి నేను బడిలో స్నేహితుడి చేతిలో చూసి నేర్చుకున్నాను.

మా నాయన చట్టం ఒక్కటే: "నిండుది గిరాకీకి, ఇరిగింది ఇంటికి." సీసాలో విరగకుండా నిండుగా ఉన్న సరుకు మీద ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. విరిగినవి, అంచులు ఊడినవి, కాగితానికి అతుక్కుపోయినవి మాత్రం గిరాకీ తీసుకోడు కాబట్టి మాకు. రాత్రి అంగడి పలకలు వేసి, కాళ్ళు కడుక్కుని, తెర పక్కకు తోసి లోపలికి వస్తూనే అమ్మను అడిగేవాడు.

"ఈ పొద్దు ఏం ఇరిగినాయి?"

"రెండు బిస్కత్తులు, ఒక చెక్కీ."

"ఆ బండోనికి బుద్ధి ల్యా. సరుకు ఎట్ల తేవల్లో తెలీదు," అని హిందూపురం నుంచి చెక్కీలు తెచ్చే బండాయన్ను తిట్టుకుంటూ కంచం ముందు కూర్చునేవాడు. అక్కా నేనూ చాప మీద ముక్కలు పంచుకునేవాళ్ళం. నా ముక్క పెద్దదా, అక్క ముక్క పెద్దదా అని అక్కడ జరిగిన బేరాలే నాకు ఓనమాలు. అమ్మ మాత్రం ముక్క కూడా తినేది కాదు. సీసా ఖాళీ అయిన రోజు దాన్ని అరచేతిలోకి బోర్లించి అడుగున మిగిలిన పొడిని నాలుకతో అద్దుకునేది. అంతే.

అప్పట్లో మా జాతకాలు మంచివని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఎందుకంటే నాకు జ్వరం వచ్చిన రోజు తప్పకుండా చెక్కీ విరిగేది. అక్కకు ముక్కు కుట్టించి, అది వాచి ఏడుస్తున్న రోజు కూడా విరిగింది. లెక్కల్లో నాకు సున్నా వచ్చిన రోజు ఏకంగా రెండు విరిగాయి. దేవుడు హిందూపురం రోడ్డులో సరిగ్గా చూసి గుంతలు తవ్విస్తున్నాడనుకునేవాణ్ణి.

సరే, పని మొదలుపెట్టాను. గార్లదిన్నె దగ్గర పల్లె నుంచి పాత్రలకు వచ్చే రైతు ఒకాయన ఉన్నాడు. ఆయనకు సంగటి గిన్నె మీద ధర తగ్గించి, బదులుగా ఇంట్లో ఒలిచిన చెనిక్కాయ విత్తనాలు తెప్పించుకున్నాను. పప్పును కూడా మేము విత్తనాలనే అంటాం.

"వాన ల్యాక సన్నగుండాయన్నా," అన్నాడు సంచి ఇస్తూ. "కానీ నూనె ఉంటాది చూడు, నూనెకు మోసం ల్యా."

విత్తనాలను ఇనప మూకుడులో సన్న మంట మీద వేయించాను. మొదట ఏమీ కాదు, చాలాసేపు ఏమీ కాదు. మనం పక్కకు చూసిన క్షణంలో మాడతాయి. అందుకే పక్కకు చూడలేదు. చిటపటలు మొదలై, పొట్టు మీద మచ్చలు లేచి, వాసన ఇల్లంతా కమ్మాక దించి, గోనెపట్టలో పోసి రుద్దాను. మిద్దె మీదికి తీసుకుపోతే మా ఊరి గాలికి చేట కూడా అక్కర్లేకపోయింది. పొట్టు ఎగిరి పక్కింటి వాళ్ళ ఉతికిన బట్టల మీద పడింది. ఆ తగువు వేరే కథ.

మిక్సీలో వేస్తే ముందు పొడి అయింది. ఇంకాస్త తిప్పితే గిన్నె గోడలకు అతుక్కుని ముద్ద అయింది. ఇక్కడే చాలామంది ఆపేస్తారని పాప చెప్పింది. గీకి, మళ్ళీ తిప్పి, వేడెక్కితే ఆపి, మళ్ళీ తిప్పాలి. లోపలి గది నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"మిక్సీ కాలిపోతాంది, ఆపరా! ఏం నూరతాండావు?"

"చెనిక్కాయలమ్మా."

"ఊరుబిండికి అంత మెత్తగా ఎందుకు? మిరపకాయలు ఏసినావా?"

"ఇది తీపిదమ్మా."

"తీపి ఊరుబిండా!" అని ఊరుకుంది. కానీ అడిగింది కదా. చాలా రోజుల తర్వాత వంటింటి సంగతి అడిగింది. నాకు ఆశ పుట్టింది.

ఆ గార్లదిన్నె రైతు అబద్ధం చెప్పలేదు. ఉన్నట్టుండి ముద్ద వదులై, నూనె పైకి తేలి, వెన్నలా మెరిసింది. అందులో పొడిగా కొట్టిన బెల్లం, కొంచెం నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి కలిపితే ఉండ కట్టడానికి వచ్చింది. నిమ్మకాయల కంటే చిన్నవిగా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. చాక్లెట్‌ను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదట. కింద గిన్నెలో నీళ్ళు మరిగించి, పైన ఇంకో గిన్నెలో కరగబెట్టాలి. గిన్నెలకు నాకు కొదవా! అంగట్లోంచి సరికొత్త జత తెచ్చాను. తడి చెంచాతో కలిపాను, అది ఒక్కటే తప్పు. నున్నగా జారుతున్న చాక్లెట్ ఒక్కసారిగా తడి ఇసుకలా బిగుసుకుపోయింది. బేరమాడి తెచ్చిన సరుకు! నా ముఖం చూసి మా ఇంటావిడ గోరువెచ్చటి నెయ్యి చుక్క చుక్కగా వేస్తూ కలిపి, దాన్ని మళ్ళీ దారికి తెచ్చింది. ఫోర్కు మీద ఒక్కొక్క ఉండను ముంచి, ఎత్తి, కారేది కారాక నెయ్యి రాసిన పళ్ళెంలో పెట్టాను. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి నేరేడు పళ్ళలా నల్లగా, నున్నగా, ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ పని ఇంకొకరికి వదిలిపెట్టే అలవాటు నాకు లేదు.

పళ్ళెం తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను. అమ్మ లేచి కూర్చుని, ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. అడుగు కూడా చూసింది.

"నువ్వే చేసినావా?"

"నేనే."

"నున్నగుండాయి. అడుగు కూడా సమంగుండాది. సీసాలో పెడితే బిరబిరా పోతాయి."

"అమ్మేదానికి కాదమ్మా. నీకే. తిను."

"నాకా?" ఉండను తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. "ఇంత నిండువి నాకెందుకురా? పాప వస్తాది కద, దాచిపెట్టు. ఇంటికి ఎవురన్నా వస్తే పెట్టల్ల."

ఇక బేరం మొదలుపెట్టాను. రెండు తినమన్నాను. తల ఊపలేదు. ఒకటన్నాను. సగమన్నాను. ఊరికే నాలుక మీద పెట్టుకుని చూడమన్నాను. నేను దిగుతూ పోతున్నాను గానీ అటువైపు నుంచి మాటే లేదు. ఎదుటి మనిషి తన ధర చెబితే కదా బేరం. అమ్మ చెప్పలేదు. పెదవులు బిగించి పళ్ళెం మీద కొంగు కప్పి, చీమలు పడతాయి తీసుకుపో అంది.

వంటింట్లో మా ఇంటావిడ పళ్ళెం చూసి, "చాక్లెట్ అంగడాయన్నే గెలిచినారు కద, ఈమెతో ఓడిపోయినారా?" అంది. తర్వాత తనే పోయి బతిమాలింది. తనూ పళ్ళెంతోనే తిరిగొచ్చింది. ఆమె ముఖంలో నవ్వు లేదు. డాక్టరు చెప్పిన వారంలో ఇంక రెండు రోజులే ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిస్తే అవి వరసగా, నిండుగా, ముట్టుకునే దిక్కు లేకుండా కూర్చున్నాయి. చూస్తూ నిలబడితే మా అంగడి బల్ల గుర్తొచ్చింది. నిండుది గిరాకీకి. అప్పుడు వెలిగింది నా బుర్ర. తన జన్మలో నిండు సరుకు నోట్లో పెట్టుకోని మనిషి ముందు నేను వజ్రాల్లాంటివి తీసుకుపోయి పెట్టాను. ఒకటి తీసి చెంచా వెనకభాగంతో టపీమని కొట్టాను. రెండు ముక్కలైంది. రాలిన పొడి శుభ్రంగా తుడిచేసి, ముఖం వేలాడేసుకుని అమ్మ దగ్గరికి పోయాను.

"అమ్మా, ఒకటి ఇరిగిపోయింది. ఇంక ఎవురికీ పెట్టేదానికి లేదు."

అమ్మ ముక్క తీసుకుంది. నోటి దాకా తీసుకుపోతుందనుకుంటే, కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. చూసింది. ఆ తర్వాత నవ్వింది. జ్వరం వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

"రేయ్. ఇది ఇరిగింది కాదు. ఇరిసింది."

"ఎట్ల చెప్తావు?"

"ఇదో, ఈడ సూడు, చెంచా దెబ్బ. తనంతట తాను ఇరిగినదానికి దెబ్బ ఉంటాదా? మళ్ళా పొడి యాడ? సరుకు ఇరిగితే అడుగున పొడి రాలల్ల. నువ్వు పొడి తుడిచేసి ముక్క మాత్రం తెచ్చినావు." కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది. "మీ నాయన కండ్లు కప్పినదాన్నిరా నేను. నాకే అమ్ముతావా?"

"నాయన కండ్లు నువ్వేం కప్పినావు?"

"చెక్కీలు వాటంతట అవే ఇరిగినాయా ఏమి?"

నేను మంచం పక్కన కూర్చుండిపోయాను. "మరి ఆ బండోడు..."

"పాపం ఆ బండోడు! గడ్డి పరిచి పసిబిడ్డను తెచ్చినట్ల తెచ్చేవాడు. మీ నాయనతో ఎన్ని తిట్లు తిన్నాడో. నీకు జరమొచ్చిన దినం చెక్కీ ఇరగకపోతే నువ్వు మాత్ర మింగుతావుంటివా?"

నా జాతకం, హిందూపురం రోడ్డు గుంతలు, అన్నీ కళ్ళ ముందే కుప్పకూలాయి. ఇన్నేళ్ళూ ఊరందరి మాటల్లో మోసం పట్టుకున్నవాణ్ణి, మా ఇంటి సీసాలో పట్టుకోలేకపోయాను.

"ఎట్ల ఇరిసేదానివి? సప్పుడు రాదా?"

"తే ఆ తట్ట, చూపిస్తా."

పరుగున పోయి పళ్ళెం తెచ్చాను. అమ్మ నిండు ఉండ ఒకటి తీసుకుని కొంగు మడతలో పెట్టింది. పైన మడత వేసి, బొటనవేలు అంచుకు ఆనించి ఒక్క నొక్కు నొక్కింది. లోపల టిక్కుమంది.

"ఈ మాత్రం సప్పుడు కూడా రాకూడదు. నా వేలిలో బలం పోయింది," అంది. "ఇరిగినాక కొంగు విదిలించి ఆ పొడి సీసాలోనే ఎయ్యల్ల. అప్పుడు చూసినోళ్ళు సరుకుదే తప్పనుకుంటారు."

కొంగు విప్పింది. రెండు ముక్కలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చుట్టూ చాక్లెట్ పొడి. పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను."

తిన్నాను. ముందు చాక్లెట్ చేదు, దాని వెనక బెల్లం, ఆ వెనక వేయించిన చెనిక్కాయల కమ్మదనం, చివర ఉప్పు. దేని మీదా ధ్యాస నిలవలేదు. నేను అమ్మ చేతిలోని చిన్న ముక్కనే చూస్తున్నాను.

"ఇరిగింది ఇంటికి," అని అమ్మ దాన్ని నోట్లో వేసుకుంది. నోరు మెల్లగా కదిలింది. మింగింది. తర్వాత వేలు తడి చేసుకుని కొంగులోని పొడినంతా అద్దుకుని నాకింది.

"ఎట్లుండాది?"

"ఊరుబిండికి పెండ్లి చేసి పట్టుచీర కట్టినట్లుండాది. ఉప్పు ఇంకొంచెం పడల్ల."

ఆ పూట మజ్జిగ కూడా తాగింది. ఆ రోజు నుంచి పళ్ళెం కరగకుండా కింద ఐసు గిన్నె పెట్టి అమ్మ మంచం పక్కనే ఉంచుతున్నాం. మా ఎదుట తినదు. మేమెవరమూ గదిలో లేనప్పుడు ఏదో ఒకటి విరుగుతుంది. మెల్లగా సంగటి ముద్ద కూడా సగం లోపలికి పోతోంది. గాజులు ఇంకా వదులుగానే ఉన్నాయి గానీ డాక్టరు మళ్ళీ ఆసుపత్రి మాట ఎత్తలేదు.

మా నాయన సంగతి మాత్రం నన్ను తొలిచింది. చింతపండు చేత్తో ఎత్తి బరువు చెప్పేవాడు, సీసాలో ఒక పిప్పరమెంటు తగ్గితే బల్ల అవతల నుంచే కనిపెట్టేవాడు. అలాంటివాడు ఇన్నేళ్ళు మోసపోయాడా? ఒకరోజు అమ్మను అడిగేశాను.

"నాయనకు తెలుసా?"

"ఏమో. నేను చెప్పలేదు, ఆయప్ప అడగలేదు. కానీ ఏమీ ఇరగని దినం అడిగేవాడు, 'ఏం, ఈ పొద్దు ఏమీ ఇరగలేదా? బిడ్డలు ఊరికే పండుకున్నారా?' అని."

ఇప్పుడు రాత్రి నా అంగడి షట్టర్ దించి ఇంటికి వస్తాను. కాళ్ళు కడుక్కుని, అమ్మ గది వాకిట్లో నిలబడి అడుగుతాను.

"ఈ పొద్దు ఏం ఇరిగినాయమ్మా?"

"మూడు," అంది నిన్న. "నీ సరుకు బాగలేదురా. ఊరికే ఇరిగిపోతాంది."

"అట్లయితే గట్టిగా చెయ్యమంటావా?"

"వద్దులే," అంది కొంగు సర్దుకుంటూ. "ఇట్లే తే."